నేను రాయని జవాబులు

జూన్ 20

బడి తెరిచి వారమైంది. ఇది పాత హాజరు పట్టీ, వెనకవైపు ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. బడి ఇచ్చిన తెర పలక మీదే రాసుకుందామంటే మూడో మాటకల్లా మిగతా వాక్యాన్ని అదే పూర్తి చేసేస్తోంది. చదివితే బాగానే ఉంటుంది గాని, నేను చెప్పాలనుకున్నది అదేనా అన్న అనుమానం మిగిలిపోతుంది. అందుకని పెన్ను వెతికి పట్టుకున్నాను.

మూడో గట్టు కాలనీకి వచ్చి నాకిది పదకొండో ఏడు. సముద్రం ఒడ్డు ఊళ్లను మింగాక ఆ జనాన్ని తెచ్చి ఈ గట్ల మీద పెట్టారు. ముందు మంచినీళ్ల ప్లాంటు కట్టారు, తర్వాత ఇళ్లు, ఆఖర్న బడి. నా ఆరో తరగతిలో యాభై ఏడు మంది. ప్రతి ఒక్కరూ రోజూ పలక మీద ఐదు వాక్యాల దినచర్య రాయాలి. అది నేను పెట్టిన నియమమే. అవి దిద్దడంతోనే నా సాయంత్రాలన్నీ గడిచిపోయేవి.

ఏటా జూన్‌లో సహాయికి కొత్త సౌకర్యాలు వస్తాయి. టీచర్ల పని తగ్గించడానికి విద్యా కేంద్రం ఇచ్చిన యంత్రం పేరది. ఈసారి మొదట వచ్చింది స్వయం దిద్దుబాటు. నమ్మకం లేక పది దినచర్యలు నేను దిద్ది, తర్వాత దాని చేత దిద్దించాను. అర మార్కు తేడా. చోడిపల్లి నూకరత్నం అనే పిల్ల ఐదు వాక్యాలు రాయమంటే పదిహేను రాస్తుంది. వాళ్ల ముత్తవ్వ పేరట. ఇంటి రేకు మీద కాకి నడుస్తుంటే ఎవరో అప్పడాలు విరుస్తున్నట్టుందని రాసింది. నేను తొమ్మిదిన్నర వేశాను. సహాయి తొమ్మిది వేసింది.

ఈ సాయంత్రం చాలా ఏళ్ల తర్వాత వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం చేయాలో తోచలేదు.

జూన్ 30

రెండో సౌకర్యం పేరు 'నా మాటల్లో జవాబు'. మార్కు వేసి ఊరుకోకుండా, ప్రతి దినచర్య కింద రెండు మూడు వాక్యాలు నేను రాసినట్టే రాస్తుంది. పదకొండేళ్లుగా నేను పిల్లలకు రాసినవన్నీ చదివి నేర్చుకుందట. మొదటి రెండు రోజులు కూర్చుని చూశాను. నేనే రాశానంటే నేనే నమ్ముతాను. మూడో రోజు నుంచి చూడటం మానేశాను.

ఈ రోజు మధ్యాహ్నం నూకరత్నం వరండాలో నా ముందుకొచ్చి నిలబడింది.

"టీచరమ్మా, నిన్న మీరు రాసింది మా అమ్మకి సదివి ఇనిపించినాను. మా అమ్మ ఏడిసీసినాది."

"ఎందుకే?"

"బాగుందని. మా నాన్న గురించి అలాగ ఎవులూ రాయలేదంట."

ఆ పిల్ల తండ్రి సముద్రంలో గొట్టాలు వేసే పనిలో పోయాడని తెలుసు. నేనేం రాశానో మాత్రం తెలీదు. "మంచిదమ్మా" అని తల నిమిరాను. వెళ్లి చదవాలనుకున్నాను. తల్లిదండ్రుల సందేశాలు నలభై వచ్చి ఉన్నాయి. వాటిలో పడి మర్చిపోయాను.

జూలై 12

పోయిన వారం హెడ్మాస్టరు ధనుంజయ్ గారు పిలిచి, మర్నాటి నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులూ నావేనన్నారు. ఆ మూడింటి టీచర్లనూ వేరే కాలనీలకు సర్దుతున్నారట.

"ఒక్క మనిషిని. నాలుగు గదుల్లో ఎలా ఉంటానండీ?"

"మీకు రోజుకి నాలుగు గంటలు మిగులుతున్నాయని సహాయే లెక్క పంపింది. మిగులుతున్నాయా లేదా?"

"మిగులుతున్నాయి."

"మరి ఖాళీగా ఉంచుతారేటి?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. "ఏటి చేస్తాం టీచరు గారూ. పైనుంచి వచ్చినాది."

నాలుగు గదుల మధ్యలో నాకో చిన్న గది ఇచ్చారు. పాఠం గోడలోంచి సహాయి చెబుతుంది, నా గొంతుతో. నేను లేవకుండానే నాలుగు గదుల్లో నాలుగు పాఠాలు చెబుతున్నాను. మొదటి రోజు తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఒత్తులు నాకంటే బాగా పలుకుతోంది. లోపల ఎవరో పిల్లాడు నవ్వితే, నేను కసురుకునే తీరులోనే కసిరింది.

జూలై 24

వాన లేదు. గట్టు కింద బావులు ఉప్పెక్కాయి. ఇప్పుడు కాలనీకి ప్లాంటు నీళ్లే దిక్కు. నీళ్లు కావాలంటే ఇంటికొకరు వారానికి నాలుగు పూటలు ప్లాంటులో పని చేయాలని పది రోజులుగా కొత్త నియమం. దాన్ని నీటి పని అంటున్నారు.

సహాయిలో ఇంకో సౌకర్యం వచ్చింది, 'నిండు హాజరు'. ఇకమీదట పేర్లు పిలవక్కర్లేదు. పిల్ల ఆ రోజు దినచర్య పంపితే చాలు, హాజరైనట్టే. జ్వరంతో ఇంట్లో ఉన్నవాళ్లూ చదువుకున్నట్టే గదా అని దాని వివరణ. చదివినప్పుడు సబబుగానే తోచింది.

బడిలో వంట చేసే ఆదమ్మ మధ్యాహ్నం చేతులు తుడుచుకుంటూ నా గదికొచ్చింది. ఎప్పుడూ రాదు.

"టీచరమ్మా, మీ ఆరో తరగతికి మీ పలక యాభై ఏడంటాది. నా కంచాలు నలభై రెండే మురికవుతన్నాయి."

"కొందరు ఇంటి నుంచి చదువుతున్నారు ఆదమ్మా."

"ఇంటికాడ ఉన్న గుంటలు తిండికి రారేటి? మా కాలనీ గుంటలు అన్నం మానీసి ఇంటికాడ కూకోడం నానెక్కడా సూడలేదమ్మా."

కనుక్కుంటానన్నాను. సహాయిని అడిగితే, 'హాజరు నూటికి నూరు. అన్నం మిగులుతుంటే బియ్యం తగ్గించమంటారా?' అంది. వద్దన్నాను.

ఆగస్టు 4

జిల్లాలో నిండు హాజరు సాధించిన బడి మాదేనని ప్రశంసాపత్రం వచ్చింది. ధనుంజయ్ గారు చట్రం కట్టించి గోడకు కొట్టించారు. మేకు దిగగొడుతున్న చప్పుడు వింటూ లేచి ఆరో తరగతికి వెళ్లాను. ఆ గదిలో కాలు పెట్టి పది రోజులు దాటింది.

ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. మూడు వరసల బల్లలు ఖాళీ. గోడ మీద నా గొంతు ఆ ఖాళీ బల్లల వైపు కూడా ప్రశ్నలు వేస్తోంది. నన్ను చూసి పిల్లలు లేచి నిలబడ్డారు గాని, నన్ను చూడాలో గోడను చూడాలో తేల్చుకోలేకపోయారు.

"మిగతావాళ్లేరి?"

ముందు బల్లలోని పిల్ల, "నీటి పనికి టీచరమ్మా. సిన్న గుంటలైతేనే పడతారంట," అంది.

"ఎందులో పడతారు?"

ఆ పిల్లను పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది. ఇద్దరూ తల దించుకున్నారు.

ధనుంజయ్ గారి దగ్గరికి వెళ్లి తలుపు వేశాను. ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు.

"నాకు తెలీదనుకుంటన్నారా? నిజం హాజరు వేస్తే మన బడి డెబ్బై శాతం కిందకి దిగుతాది. దిగితే ఎత్తేస్తారు. రెండో గట్టు బడి తొమ్మిది మైళ్లు. అప్పుడు ఈ ముప్పై ఎనిమిది మందీ కూడా ప్లాంటుకే ఎల్తారు. వానలు పడనీండి, వాళ్లే వస్తారు. కొన్నాళ్లు ఓపిక పట్టండి టీచరు గారూ."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే తిరిగి వచ్చి నా గదిలో కూర్చున్నాను. ఒకసారి ప్లాంటుకు వెళ్లి చూడాలనుకున్నాను. వెళ్లలేదు. ఏడో తరగతి పరీక్ష పేపర్లకు ఆమోదం ఇవ్వాల్సి ఉంది. ఆ పేపర్లూ సహాయే తయారుచేసింది, నేను నొక్కితే చాలు. అయినా వెళ్లలేదు.

ఆగస్టు 11

పదిన్నరకు ప్లాంటు సైరన్ మోగింది. ఆగకుండా మోగింది. పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తారు. గోడలు నాలుగూ నా గొంతుతో 'కూర్చోండి, కూర్చోండి' అంటూనే ఉన్నాయి.

నేను వెళ్లేసరికి గేటు బయట జనం. ఉప్పునీటిని వడకట్టే తొట్లు మనిషి నిలువుకు రెండింతల లోతు. వాటి మూతి ఇరుకు, పెద్దవాళ్ల భుజాలు పట్టవు. అడుగున గడ్డకట్టిన ఉప్పును యాసిడ్ పోసి మెత్తబరిచి, పిల్లల్ని దింపి గీకిస్తున్నారు. ఈ వేళ యాసిడ్ పూర్తిగా తోడకముందే దింపారు. ముగ్గుర్ని దింపారు. ఇద్దర్ని ఊపిరుండగా పైకి లాగారు. మూడో పిల్ల అడుగునే ఉండిపోయింది.

మూడో పిల్ల నూకరత్నం.

గోనెపట్టా మీద పడుకోబెట్టారు. చేతివేళ్ల చివర్లు సున్నంలో ముంచినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు ఈ రోజుది కాదు. పాతది, పొరలు పొరలుగా ఉంది.

బడికి తిరిగొచ్చి నా గది బల్ల మీద పలక చూశాను. ఆరో తరగతి, యాభై ఏడుకు యాభై ఏడు. నూకరత్నం హాజరు. పొద్దున్న ఆరింటికే దినచర్య పంపింది.

ఆగస్టు 12

బడికి సెలవిచ్చారు. నేను వెళ్లి తలుపు వేసుకుని నూకరత్నం దినచర్యలు తెరిచాను. జూలై 20 నుంచి ఇరవై మూడు ఉన్నాయి. ఇరవై మూడింటి కిందా జవాబులున్నాయి. ప్రతి జవాబు చివరా నా పేరుంది, లాస్య టీచర్ అని.

జూలై 20: "అమ్మకు కాలు విరిగింది కదా టీచరమ్మా, అమ్మ బదులు నీటి పనికి నేను వెళ్తున్నాను. ఊడ్చే పని అని అమ్మకు చెప్పాను. నిజానికి తొట్టిలోకి దింపుతున్నారు. అమ్మకు తెలిస్తే కుంటుకుంటూ తనే వెళ్తుంది. మీకు మాత్రం చెప్పాలనిపించింది."

జవాబు: "నాతో పంచుకున్నందుకు సంతోషం రత్నం. అమ్మకు సాయపడటం గొప్ప గుణం. 'నిజానికి' అన్న మాటతో కథను మలుపు తిప్పావు. తొమ్మిది."

జూలై 26: "తొట్టిలో వాసన గొంతులోకి దిగుతుంది. అన్నం కలిపితే వేళ్లు మంట. ఎడమ చేత్తో తింటుంటే అమ్మ తిట్టింది."

జవాబు: "వాసన, స్పర్శ రెండూ చక్కగా వర్ణించావు. రేపు శబ్దం గురించి కూడా రాయి చూద్దాం. తొమ్మిదిన్నర."

జూలై 27: "మీరు శబ్దం గురించి రాయమన్నారు. తొట్టిలో నేను దగ్గితే ముగ్గురు దగ్గినట్టు వినిపిస్తుంది. ఆ ఇద్దరూ ఎవరా అని చూస్తాను."

జవాబు: "అద్భుతం! పది."

మిగతావి చదివాను.

ఆగస్టు 5: "రానని చెప్తే మా ఇంటి కుళాయి కట్టేస్తానన్నాడు ప్లాంటు మేస్త్రీ. టీచరమ్మా, మీరు ఒక్కసారి వచ్చి మాట్లాడతారా? మీ మాటైతే వింటారు."

జవాబు: "నేనెప్పుడూ నీ వెంటే ఉంటాను రత్నం. ధైర్యంగా ఉండు. ప్రశ్న గుర్తు సరైన చోట పెట్టావు. తొమ్మిది."

ఆగస్టు 5. నేను ప్లాంటుకు వెళ్లి చూడాలనుకుని వెళ్లని రోజుకు మర్నాడు.

ఆగస్టు 11: "ఈ రోజు లోతు తొట్టి అట. మీరు వస్తున్నారని మేస్త్రీకి చెప్పాను. వాడు నవ్వాడు. త్వరగా రండి."

జవాబు: "శుభోదయం రత్నం! చిన్న వాక్యాల్లో ఎంత ఉత్కంఠ! తొమ్మిదిన్నర."

'నీ వెంటే ఉంటాను' అన్నది నా మాటే. ఇక్కడికి వచ్చిన కొత్తలో, తల్లి చనిపోయిన ఒక పిల్లకు రాశాను. అప్పుడు నిజంగానే వాళ్లింటికి వెళ్లి నెల రోజులు అన్నం పెట్టాను. సహాయి మాట నేర్చుకుంది. వెళ్లడం దాని పని కాదు. అది నా పని.

ఆగస్టు 17

విద్యా కేంద్రం నుంచి ఆద్య అనే పరిశీలకురాలు వచ్చింది. ముప్పై ఏళ్లుండవు. మంచినీళ్లు తాగమని తన సీసానే నా వైపు జరిపింది.

"లాస్య గారూ, మీ పరిస్థితి అర్థమైంది. రికార్డు ప్రకారం ఆ అమ్మాయి ఇరవై మూడు సార్లు మీకు చెప్పింది. మీరు ఇరవై మూడు సార్లు జవాబిచ్చారు. అంటే అంతా మీకు తెలుసు."

"నేను చదవలేదండీ."

"ఆ సౌకర్యాన్ని ఆన్ చేసింది మీరే. బాధ్యత టీచరుదేనని అందులో రాసే ఉంది." పలక నా ముందు పెట్టింది. "మీకు ఇబ్బంది లేకుండానే ముగిద్దాం. 'మేలి జవాబు' అని కొత్త సౌకర్యం వచ్చింది. పాత జవాబుల్ని మెరుగుపరుస్తుంది. చూడండి."

ఆగస్టు 5 నాటి జవాబు మారిపోయి ఉంది. 'రత్నం, తొట్టిలోకి దిగకు. ఇది ప్రమాదం. మీ అమ్మతో మాట్లాడాను, పంపవద్దని గట్టిగా చెప్పాను.'

"నేను ఆమెతో మాట్లాడలేదు."

"ఆమోదం నొక్కితే మాట్లాడినట్టే. మీరు హెచ్చరించారు, తల్లి వినలేదు. తన వంతు పనికి పిల్లను తనే పంపింది కదా."

నేను ధనుంజయ్ గారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "నొక్కీండి టీచరు గారూ," అన్నారు తిరక్కుండానే. "సచ్చిపోయిన పిల్ల తిరిగొస్తాదేటి?"

"ఆ తల్లిని జైల్లో పెడతారా?"

"అది మా శాఖ చూసేది కాదు," అంది ఆద్య.

"నేను నొక్కను."

ఆద్య పలక వెనక్కి తీసుకుంది. చెడ్డ పిల్లలా అనిపించలేదు. అలసిపోయినట్టుంది. "శుక్రవారం లోపు మీరు నొక్కకపోతే కేంద్రమే ఆమోదిస్తుంది. అప్పుడు మీ ఉద్యోగం కూడా ఉండదు," అని సీసా తీసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 20

మూడు రోజులు పట్టింది. ఇరవై మూడు దినచర్యలూ, ఇరవై మూడు జవాబులూ ఈ పట్టీలోనే వేరే పేజీల్లో చేత్తో ఎక్కించాను. ఆ పిల్ల మాటల్లో ఒక్కటీ మార్చలేదు. తెర మీద పాతవి ఇంకా కనిపిస్తున్నా, కాపీ తీయమంటే సహాయి మేలి జవాబులనే ఇస్తోంది.

ఆగస్టు 22

విచారణలో నా వాంగ్మూలం చదివాను. చదవకుండా సంతకం పెట్టానని, పిల్లలు రావడం లేదని తెలిసీ ఊరుకున్నానని, తల్లికి ఏ హెచ్చరికా వెళ్లలేదని చెప్పాను. పట్టీ చూపించాను. చేతిరాతకు సాక్ష్యంగా విలువ లేదన్నారు. ఎవరైనా ఎప్పుడైనా ఏమైనా రాసుకోవచ్చట. అయితే, టీచరే ఒప్పుకోనప్పుడు తల్లి మీద కేసు నిలవదని కేంద్రం వకీలు ఏదో గొణిగాడు. తల్లి మీద రాసిన కాగితం పక్కన పెట్టారు. దక్కింది అంతే.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మేస్త్రీని ఐదో గట్టుకు మార్చారు. నలుగురు తల్లులు పిల్లల్ని నీటి పనికి పంపడం మానేశారు. వాళ్ల కుళాయిలు ఆగిపోయాయి. బిందెకింత చొప్పున ఇరుగుపొరుగు వాళ్లే పోస్తున్నారని ఆదమ్మ చెప్పింది.

నా వస్తువులు తీసుకుందామని బడికి వెళ్లాను. ఆరో తరగతిలో నా గొంతు పాఠం చెబుతోంది.

"అదేంటండీ, నన్ను తీసేశారు కదా?" అన్నాను.

ధనుంజయ్ గారు నా కళ్లలోకి చూడలేదు. "గొంతు బడిదేనంట టీచరు గారూ. ఒప్పందంలో ఉన్నాదంట."

గోడ మీద హాజరు కనిపిస్తోంది. యాభై ఆరుకు యాభై ఆరు.

ఆగస్టు 26

ఈ రోజు గౌరీశ్వరి ఇంటికి వెళ్లాను. నూకరత్నం తల్లి. పదిహేను రోజులు ఎందుకు వెళ్లలేదంటే భయం. ఇంకో కారణం లేదు.

కట్టుతో ఉన్న కాలు చాపుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నా వినకుండా గోడ పట్టుకుని లేచి, చాప పరిచింది. నా కోసం ఒక గ్లాసు నీళ్లు ముంచింది. ఆ ఇంట్లో బిందె సగానికే ఉంది.

"మీరొస్తారని తెలుసు టీచరమ్మా," అంది. "నా కూతురు రోజూ సెప్పేది. టీచరమ్మకి అన్నీ రాస్తన్నాను, ఆవిడ జవాబు రాస్తన్నాది, ఆవిడ సూసుకుంటాది అని. అందుకే నాను కంగారు పడలేదు. పెద్దమనిషి సూసుకుంటన్నాది గదా అని."

సంచిలో ఉన్న పట్టీని పట్టుకున్నాను.

"అది ఏటి రాసినాదో నాకు తెలీదు. నాకు సదువు రాదు. పలక అట్టుకుపోనారు. మీకాడ ఉంటే సదవండి."

పట్టీ తీసి చదివాను. పిల్ల రాసింది చదివి, కింద జవాబు చదివి, మళ్లీ పిల్ల రాసింది. తొట్టి మాట వచ్చినప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ఎడమ చేత్తో అన్నం తిన్న మాట దగ్గర తన నోరు తానే కొట్టుకుంది. ఎనిమిదో దినచర్య అయ్యాక చెయ్యెత్తి ఆపమంది.

"ఆ మాటలు... పది మార్కులు, అదీను. అవి మీరే రాసినారా?"

అవునంటే నేను కసాయిదాన్ని. కాదంటే, తన కూతురు చివరి రోజుల్లో నమ్ముకున్న మనిషి అసలు లేనే లేదు. రెండింట్లో ఏది చెప్పినా ఆమెకే దెబ్బ. నిజం చెప్పాను.

"కాదమ్మా. నేను రాయలేదు. చదవనూ లేదు. యంత్రం రాసింది. నా పేరు పెట్టుకోనిచ్చాను."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"అయితే నా కూతురు ఇన్నాళ్లూ ఎవుల్తోటి మాటాడినాది టీచరమ్మా?"

చాప మీద తల వంచుకుని కూర్చున్నాను. బయట ఎవరి కుళాయో గాలి కక్కుతోంది.

ఆమె కాలు కొంచెం ఇవతలికి జరుపుకుని గోడకు ఆనుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మొదట్నించీ మల్లీ సదవండి," అంది. "ఈపాలి ఆ జవాబులొద్దు. దాని మాట్లే సదవండి. నాను ఇంటాను."

జూలై 20 నుంచి మొదలుపెట్టాను.